ఎరుపు పొర

"ఆయీ, తల ఎత్తకండి. ఆ మిరపకాయ వైపే చూస్తూ ఉండండి," అంది కోడలు కేతకి.

మందాకిని ఎత్తలేదు. ఎత్తమన్నా చటుక్కున ఎత్తడం అలవాటు లేని తల అది. డాబా మీద పరిచిన పాత చీరల నిండా సంకేశ్వరి మిరపకాయలు ఎండుతున్నాయి. వాటి ముందు కాళ్లు చాపుకుని కూర్చుని ఒక్కో కాయా తీసి, తొడిమ తుంచి, కాయని కుడివైపు బుట్టలోనూ తొడిమని ఎడమవైపు చేటలోనూ వేస్తోంది. చైత్రం వచ్చిందంటే కొల్హాపూర్‌లో ఏ డాబా మీద చూసినా ఇదే పని. ఏడాదికి సరిపడా చట్నీ పొడి ఈ ఎండల్లోనే కొట్టుకోవాలి. మిగతా ఇళ్లలో ఇంటికి సరిపడా కొట్టుకుంటే, ఈ ఇంట్లో ఊరికి సరిపడా కొట్టాలి. గంగావేశ్‌లో నళవడే వాళ్ల చట్నీ దుకాణం అంటే చిన్నపిల్లాడు కూడా దారి చూపిస్తాడు.

"ఫోటో ఎందుకే ఇప్పుడు? జుట్టు చూడు, గూడులా ఉంది."

"ఫోటో కాదు, మీ బొమ్మ గీయడానికి. కొత్త డబ్బా మీద వేస్తాను."

మందాకిని చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. "నా బొమ్మా? డబ్బా మీదా?"

"మరి చట్నీ ఎవరిది?"

ఆ ప్రశ్నకి జవాబు ఈ ఇంట్లో ఎప్పటినుంచో ఒక్కటే. దుకాణానికి వచ్చినవాళ్లు నాలిక మీద చిటికెడు వేసుకుని "వాహ్" అంటే, ఆమె భర్త వసంతరావు మీసం మీద చెయ్యి వేసి, "అదీ మా ఇంటి రుచి," అనేవాడు. మామగారూ అదే అనేవారు. ఇప్పుడు కొడుకు రణజీత్ కూడా అదే అంటున్నాడు. అబద్ధం అని ఎలా అంటుంది? కానీ ఉల్లిపాయలు వేయించేటప్పుడు పొగలో కళ్లు తుడుచుకుంటూ ఆమె ఒక్కోసారి అనుకునేది. ఇంటికి చేతులుంటాయా? ఇల్లు లేచి కొబ్బరి తురుముతుందా? రాతిపువ్వు ఏరుతుందా? అనుకునేది, పొయ్యి మీది మూకుడు కలిపేది. అంతకంటే ముందుకి ఆ ఆలోచనని ఎప్పుడూ పోనివ్వలేదు. ముందుకి పోతే ఉల్లిపాయలు మాడతాయి.

కేతకి కోడలై వచ్చిన కొత్తలో ఈ పిల్ల చేసే పనేమిటో మందాకినికి అర్థం కాలేదు. చిత్రకళ చదువుకుంది అన్నారు. తీరా చూస్తే రంగూ లేదు, కుంచే లేదు. వంటింటి పక్క బల్ల మీద ట్యాబ్ పెట్టుకుని, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా ఒక గీత, కుక్కర్ దించి మరో గీత. ఎవరో పూణేవాళ్ల కాఫీ పొట్లానికి బొమ్మ, ఎవరో బెంగళూరు వాళ్ల సబ్బు పెట్టెకి అక్షరాలు. అన్నీ పాతకాలం వాటిలా ఉండాలిట. వెలిసిన పసుపు, ఇటుక ఎరుపు, నెమలికంఠం ఆకుపచ్చ. మనుషుల బుగ్గల మీద చుక్కలు చుక్కలుగా రంగు. అంచులు అరిగినట్టు, మధ్యలో మడత పడినట్టు, ఎండకి వెలిసినట్టు.

"నిన్న గీసిన బొమ్మని ఇవాళ ముసలిదాన్ని చేస్తున్నావేమిటే?" అని అడిగింది ఒకసారి.

కేతకి పకపకా నవ్వింది. "రెట్రో అంటారు ఆయీ దీన్ని. ఇప్పుడు దీనికే గిరాకీ. కొత్తదాన్ని కొత్తగా అమ్మితే ఎవరూ నమ్మట్లేదు."

నళవడే వాళ్ల పాత రేకు డబ్బా ఒకటి అటక మీద దొరికినప్పుడు ఆ పిల్ల సంబరం చూడాలి. దాని మీద మామగారి బొమ్మ ఉంది. తలకి చుట్టిన ఫేటా, కోర మీసం, నుదుట నామం. అయితే ఎరుపు రంగు అచ్చు వేసేటప్పుడు కాగితం కాస్త పక్కకి జరిగింది. ఏ రంగుకి ఆ రంగు విడివిడిగా అచ్చు వేసే రోజులు. అంచేత నుదుట ఉండాల్సిన నామం ఫేటా మీదికి ఎక్కింది. పక్కనున్న మిరపకాయల ఎరుపు సగం కాయ మీదా సగం గాల్లోనూ పడింది.

"ఈ జారిన ఎరుపు చూశారా, ఎంత ముద్దుగా ఉందో! దీన్ని నేను కావాలని గీయాలంటే పూటంతా పడుతుంది."

"ఆ ముద్దుకే మా మామగారు ప్రెస్సువాడిని వీధిలో నిలబెట్టి తిట్టారు. వారం పాటు ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడలేదు. మీ మామగారు మాత్రం గోడవైపు తిరిగి నవ్వుకునేవారు."

ఇద్దరూ ఆ డబ్బాని మధ్యలో పెట్టుకుని కళ్ల నీళ్లొచ్చేలా నవ్వారు. మామగారిని తలుచుకుని ఈ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

అలా రణజీత్‌కి ఆలోచన వచ్చింది. చట్నీని ముంబైకీ పూణేకీ ఇంటర్నెట్‌లో అమ్మాలి. దానికి కొత్త డబ్బా కావాలి. పాత డబ్బాలా కనిపించే కొత్త డబ్బా. "బయటివాళ్లకి ఇస్తే దండగ. ఇంట్లో బొమ్మలేసే మనిషి ఉండగా ఎందుకు? నువ్వెలాగూ ఇంట్లోనేగా ఉంటావ్," అన్నాడు పెళ్లాంతో, భాక్రీ రొట్టె తుంపుకుంటూ.

కేతకి అతని కంచంలో కూర వడ్డించింది. మందాకిని మాత్రం పెనం మీది భాక్రీ తిప్పడం మర్చిపోయింది. తండ్రి మాట కూడా ఇదే, నువ్వెలాగూ ఖాళీయేగా అని. అదే గొంతు, అదే మెత్తదనం. వసంతరావు కూడా కసిరేవాడు కాదు. ఎంతో మామూలుగా, మంచినీళ్లు అడిగినంత మామూలుగా అనేవాడు. మిరపకాయలు వొలిచిన రోజుల్లో చేతులు మణికట్టు దాకా మండేవి. మజ్జిగలో ముంచినా, బెల్లం నీళ్లలో ముంచినా చల్లారేవి కావు. పక్కమీదికి వస్తే, "చేతులు కాస్త దూరంగా పెట్టుకో మందా, నా కళ్లు మండుతున్నాయి," అనేవాడు. ఆమె చేతులు రెండూ మంచం అంచు బయటికి వేలాడేసుకుని పడుకునేది. ఆయన చెడ్డవాడు కాడు. ఆయన కళ్లు నిజంగానే మండేవేమో. చేతుల మంట సంగతి ఆయన అడగలేదు. అడగొచ్చని ఆయనకీ తోచలేదు, చెప్పొచ్చని ఆమెకీ తోచలేదు.

ఇప్పుడు కేతకి ట్యాబ్ మోకాళ్ల మీద పెట్టుకుని ఆమె చేతుల్నే చూస్తోంది.

"ఈ పాతకాలం మీద జనానికి అంత మోజేమిటే?"

"ఆ రోజుల్లో అంతా నిజం అనుకుంటారు ఆయీ. డబ్బా మీద అలాంటి బొమ్మ చూస్తే లోపల ఒక అమ్మ చెయ్యి ఉందనిపిస్తుంది."

"ఆ చెయ్యి తెల్లారేదాకా మండేదని కూడా అనిపిస్తుందా?"

కేతకి గీసే పుల్ల పక్కన పెట్టేసింది. తర్వాత లేచి కిందికి వెళ్లి కొబ్బరినూనె గిన్నె తెచ్చి, అత్తగారి చేతులు రెండూ తన ఒళ్లోకి లాక్కుని వేలు వేలుకీ రాసింది.

"ముందే రాసుకుంటే కారం పట్టదు, రోజూ చెప్తూనే ఉన్నాను. వింటేగా."

"నూనె చేత్తో తొడిమ జారిపోతుందే పోరీ."

"జారనీయండి."

*

ఈ పిల్లే ఆమెకి అక్షరాలు నేర్పింది. అదీ పుస్తకంతో కాదు. భాక్రీకి జొన్నపిండి జల్లించి వెడల్పాటి పరాత్‌లో పోసుకున్నాక, నీళ్లు కలిపే ముందు కేతకి వేలితో ఆ పిండిలో ఒక అక్షరం గీసేది. మందాకిని దాని కింద అదే గీసేది. బాగుంటే సరే, బాగోలేకపోతే అరచేత్తో చదును చేసి మళ్లీ. ఆ తర్వాత నీళ్లు పోసి పిసికేసేవారు. ఆ రోజు నేర్చుకున్నదంతా ఆ రోజే భాక్రీ అయి అందరి కంచాల్లోకీ వెళ్లిపోయేది. "ఇవాళ నా 'క' తిన్నావురా," అని కొడుకుతో అనాలనిపించేది. అనలేదు. అతనికి చాలాకాలం తెలియనే తెలియదు. ఒకరోజు దుకాణం బోర్డు కూడబలుక్కుని చదువుతుంటే విని, "అరే, ఆయీకి చదువొచ్చిందే!" అని ఆశ్చర్యపోయాడు, ఇంట్లో పిల్లి మాట్లాడినట్టు.

వసంతరావు ఉండగా ఒకసారి అడిగింది, పేటలో బడిలో ఆడవాళ్లకి సాయంత్రం చదువు చెప్తున్నారట, వెళ్లనా అని. "ఎందుకూ? చదువొస్తే చట్నీ ఇంకా కారం ఎక్కుతుందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, పళ్లు కనిపించకుండా. అలా నవ్వడం అత్తగారు జీజీ నేర్పింది.

*

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కేతకి బొమ్మ చూపించింది.

మందాకిని కళ్లజోడు తెచ్చుకుని, కొంగుతో తుడిచి పెట్టుకుంది. ట్యాబ్ నిండా ఒక ఆడమనిషి. నెమలికంఠం రంగు తొమ్మిది గజాల చీర, ముక్కుకి ముత్యాల నత్తు, చేతులకి ఆకుపచ్చ గాజులు. ఒళ్లో మిరపకాయల చేట. తల కొద్దిగా వంచి ఉంది కానీ కళ్లు మాత్రం పైకి ఎత్తి సూటిగా చూస్తున్నాయి. నుదుట అర్ధచంద్రాకారంలో ఎర్రటి కుంకుమ. మనిషంతా పాత క్యాలెండర్‌లోంచి లేచి వచ్చినట్టుంది. అయినా ఆ దవడ మీది పుట్టుమచ్చ తనదే. ఎడమ కనుబొమలో తెగిన గీత తనదే. చిన్నప్పుడు చెరుకుతోటలో పడితే తగిలిన దెబ్బ అది.

"ఇది నేనా?"

"మీరే."

"ఇంత బాగున్నానా?"

"నేను కొత్తగా ఏమీ కలపలేదు ఆయీ. చీర మార్చాను, అంతే."

మందాకిని చెయ్యి తనంతట తానే నుదుటి మీదికి వెళ్లింది. అక్కడ చర్మం నున్నగా ఉంది.

"ఇదంతా పొరలు పొరలుగా ఉంటుంది," కేతకి ఉత్సాహంగా చెప్తోంది. "పాతకాలం అచ్చులాగే. పసుపు ఒక పొర, నలుపు ఒక పొర, ఎరుపు ఒక పొర. ఏది కావాలంటే అది తీసి చూడొచ్చు. ఇదిగో, ఎరుపు తీస్తే..."

వేలితో తాకింది. ఎరుపంతా పోయింది. చేటలో మిరపకాయలు బొగ్గుముక్కల్లా నల్లబడ్డాయి. చీర అంచు పోయింది. నుదుటి మీద కుంకుమ పోయింది.

అంతే. ఒక్క వేలు.

ఆ రోజు కూడా అంతే కదా. వసంతరావుని తీసుకువెళ్లాక, ఇంటినిండా ఆడవాళ్లు ఉండగా, ఆడపడుచు విజయమాల ఎదురుగా కూర్చుంది. పెద్దవాళ్లెవరో "కానీ, కానీ" అన్నారు. విజయమాల వెక్కి వెక్కి ఏడుస్తూనే, "క్షమించు వహినీ, క్షమించు," అంటూనే, బొటనవేలితో వదిన నుదురు తుడిచేసింది. ఆమెని తిట్టుకోవాలని మందాకినికి ఎప్పుడూ అనిపించలేదు. ఆ బొటనవేలి తడి ఇప్పటికీ తెలుస్తోంది. కానీ ఆ కుంకుమ పెళ్లితో వచ్చింది కాదు. పుట్టింట్లో పాలు తాగే వయసు నుంచీ అమ్మ పెట్టేది, స్నానం చేయించి, తల దువ్వి, గడ్డం పట్టుకుని. ఆయన తెచ్చింది కానిదాన్ని ఆయనతో పాటు ఎందుకు పంపించాలి? అప్పుడు ఈ ప్రశ్న రాలేదు. ఇన్నేళ్లూ రాలేదు. మొన్నామధ్య శిరోళ్ వైపు ఏదో పల్లెలో విధవలకి బొట్టు తుడవకూడదని పంచాయతీవాళ్లు తీర్మానం చేశారని టీవీలో చెప్తే, భాక్రీ చేస్తూ విన్నది. చేతులాగలేదు. ఇవాళ ఆగాయి.

కేతకి ఆమె ముఖం చూసి గతుక్కుమంది. గబగబా మళ్లీ తాకింది. ఎరుపు తిరిగి వచ్చింది. మిరపకాయలూ, అంచూ, కుంకుమా, అన్నీ ఒక్కసారే.

"ఆయీ, నేను... నేనాలోచించలేదు."

"ఏం కాలేదే. ఇంకోసారి చెయ్యి."

"ఏమిటి?"

"తీసి, మళ్లీ పెట్టు."

కేతకి తీసింది, పెట్టింది. మందాకిని చిన్నపిల్లలా చూస్తూ కూర్చుంది.

*

ఆదివారం విజయమాల వచ్చింది. ఇచల్‌కరంజీలో అత్తవారిల్లు. నెలకి రెండుసార్లయినా ఏదో ఒక వంకతో పుట్టింటికి వస్తుంది, బస్సు దిగి గుమ్మంలోనే, "వహినీ, టీ పెట్టు, తల పగిలిపోతోంది," అంటుంది. వయసులో చిన్నదైనా మందాకిని ఆమెని ఎప్పుడూ 'వన్సం' అనీ 'మీరు' అనీ అనాలి. ఆమె మాత్రం నువ్వు అంటుంది. అదీ ఆచారమే.

టీ కప్పు చేతిలో ఉండగానే రణజీత్ బొమ్మ చూపించాడు. విజయమాల చూసింది. కప్పు కింద పెట్టింది.

"బాగుంది. చాలా బాగుంది. కానీ రణజీత్, మీ అమ్మకి కుంకుమా, నత్తూ ఏమిట్రా? ఊళ్లో అందరికీ వహినీ తెలుసు. ఏమంటారు? మొగుడు పోయాక సోకు పెరిగిందంటారు."

"కుంకుమ తీసేస్తే?" అన్నాడు రణజీత్.

"తీసేస్తే విధవ బొమ్మ అవుతుంది. తినే వస్తువు మీద, శుభమా అని కొత్తగా మొదలెడుతూ... నాకు పట్టింపని కాదురా. కొనేవాళ్లు చూస్తారు కదా."

"ఆత్యా, మీరు చెప్పే ఆ కొనేవాళ్లు పూణేలో ఉంటారు. వాళ్లకి ఆయీ ఎవరో తెలీదు," అంది కేతకి.

"నీకు బొమ్మల సంగతి తెలుసమ్మా, బంధువుల నోళ్ల సంగతి తెలీదు."

రణజీత్ కాసేపు గోడవైపు చూశాడు. అక్కడ నాయనమ్మ జీజీ ఫోటో ఉంది, దండతో. "జీజీని వేద్దాం," అన్నాడు. "జీజీ నిండు ముత్తైదువగా పోయింది. ఎవరికీ ఏ అభ్యంతరమూ ఉండదు. 'జీజీ చట్నీ' అని పేరు. రెట్రోకి పేరు కూడా అదిరిపోతుంది. ఏమంటావ్ ఆయీ?"

"సరే," అంది మందాకిని.

అంత త్వరగా అనేసింది. ఆ మాట ఆమె నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, తలుపు పక్కన చెప్పుల్లా. లేచి కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పింది. ఎవరి ముఖమైతే ఏం? డబ్బాలోది మారదు కదా. జీజీ చెడ్డదా? కాదు. జ్వరం వస్తే నుదుట తడిగుడ్డ వేసింది. కానీ జీజీకి ఉబ్బసం. మిరపకాయ వాసన తగిలితే ఊపిరాడేది కాదు. చట్నీ కొట్టే రోజుల్లో చెల్లెలింటికి వెళ్లిపోయేది. ఆ చట్నీలో జీజీ ఒక్కనాడు వేలు పెట్టలేదు. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి, "మందా, ఇల్లు జాగ్రత్త," అనేది. అంతే. ఇప్పుడు ఆ ముఖం ఒళ్లో చేట పెట్టుకుని డబ్బా మీద కూర్చుంటుంది. ఉక్కిరిబిక్కిరై దగ్గుతుందేమో పాపం. ఆ ఊహకి మందాకినికి నవ్వొచ్చింది, కానీ నిలవలేదు. నిన్న మధ్యాహ్నం తను ఎంత బాగుందో చూసుకుంది కదా. చూడకుండా ఉంటే సరిపోయేది. చూశాక తీసేస్తే, తుడిచేసినట్టే ఉంటుంది.

కేతకి వెనక వచ్చి నిలబడింది. కప్పులు అందుకుని కడగడం మొదలుపెట్టింది.

"ఆయీ, బొమ్మ మీద గొడవపడనా? మీరు ఊ అంటే పడతాను."

"వద్దే. ఇంట్లో గొడవలెందుకు?"

"అయితే ఒక్క పని చేయండి. డబ్బా మీద పేరు చేతిరాతతో ఉండాలి. కంప్యూటర్ అక్షరాలు ఈ బొమ్మ పక్కన అతకవు. మీరు రాయండి. మీ అక్షరాలే కావాలి నాకు."

"నా కోతి గీతలా!"

"ఆ గీతల కోసమే జనం ఎక్కడెక్కడో వెతుకుతున్నారు."

*

సోమవారం పొద్దున్న చట్నీ మొదటి వాయి మరలోంచి ఇంటికి వచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. ఇల్లంతా ఘాటు. రణజీత్ దుకాణానికి బయల్దేరబోతూ తుమ్ముతున్నాడు. విజయమాల పదకొండు గంటల బస్సుకి సంచీ సర్దుకుంటోంది.

కేతకి తెల్లకాగితాలూ, లావుపాటి పెన్నూ తెచ్చిపెట్టింది. మందాకిని రెండు కాగితాలు పాడుచేసింది. కాగితం జారుతోంది, పెన్ను వేళ్ల మధ్య నిలవడం లేదు. "ఇది నా వల్ల కాదే. పరాత్ తీసుకురా," అంది.

కేతకి ఒక్క క్షణం చూసి, అర్థమై, పరుగెత్తింది. పెద్ద ఇత్తడి పరాత్ తెచ్చింది. మందాకిని అందులో ఎర్రటి చట్నీ పొడి పోసి, అరచేత్తో మెల్లగా చదును చేసింది. పళ్లెం నిండా ఎరుపు పరుచుకుంది.

అప్పుడామె చెయ్యి ఆగిపోయింది.

ఇలాంటి పళ్లెం ఇంకొకటి గుర్తొచ్చింది. అందులో ఎరుపు కాదు, తెల్లటి బియ్యం. పెళ్లయిన రోజు, ఈ ఇంట్లోనే, ఈ గదిలోనే. వసంతరావు పక్కన కూర్చుని ఉంగరం వేలితో ఆ బియ్యంలో పేరు రాశాడు. కోడలికి అత్తింటి పేరు అలా పెడతారు. అందరూ వంగి చూశారు, నవ్వారు, కోవా పేడాలు పంచారు. తను కూడా వంగి చూసింది. గీతలు కనిపించాయి. అవి తననే అంటున్నాయని తెలుసు, ఏమంటున్నాయో తెలియదు. ఎవరో బిగ్గరగా చదివారు, "మందాకినీ!" అప్పుడు తెలిసింది తనెవరో. "పాత పేరు పల్లెటూరి పేరు, దుకాణంలో పిలవడానికి బాగోదు," అంది జీజీ మురిపెంగానే. తర్వాత పళ్లెం ఎత్తి బియ్యం బస్తాలోకి వంచేసింది. పేరు గింజల్లో కలిసిపోయింది. మర్నాడు ఆ బియ్యమే వండుకున్నారు.

"రాయండి ఆయీ," కేతకి మెల్లగా అంది. "జీ-జీ. రెండు అక్షరాలే."

మందాకిని వేలు పొడిలో దిగింది. నెమ్మదిగా, పిండిలో రాసినట్టే, ఊపిరి బిగబట్టి రాసింది. రెండు అక్షరాలే రాసింది. వేలు వెళ్లిన చోటల్లా కింది ఇత్తడి బయటపడి మెరిసింది.

రణజీత్ తుమ్ముతూ వచ్చి భుజం మీదుగా చూశాడు. "హౌ... సా. హౌసా? ఇదేమిటి ఆయీ, తప్పు రాశావ్. జీజీ అని కదా రాయమంది? ఉండు, కలిపేస్తాను, మళ్లీ రాద్దువుగాని." పళ్లెం అంచు పట్టుకుని ఎత్తబోయాడు.

"వంచకు!"

ఆ ఇంట్లో అంత గట్టిగా ఆమె గొంతు ఎవరూ వినలేదు. రణజీత్ చెయ్యి అంచు మీదే ఆగింది.

"తప్పు కాదురా. హౌసా నేనే. ఈ ఇంటికి వచ్చేదాకా నా పేరు అదే. ముగ్గురు మగపిల్లల తర్వాత మా నాన్న ముచ్చటపడి ఆడపిల్ల కావాలనుకున్నాడు. హౌసగా, ఆ ముచ్చట తీర్చడానికి పుట్టానని హౌసా అన్నాడు. ఒకసారి పళ్లెం వంచి నా పేరు కలిపేశారు. ఇప్పుడు రాయడం వచ్చింది. మళ్లీ కలపనివ్వను."

రణజీత్ ఆ రెండు అక్షరాలూ మళ్లీ చదివాడు. ముప్పై దాటిన మనిషి, తల్లి పేరు ఇప్పుడే విన్నాడు. "నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు. గొంతులో కోపం లేదు.

"నువ్వెప్పుడూ అడగలేదు నాన్నా."

సంచీ సర్దుకుంటున్న విజయమాల ఎప్పుడు వచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. అందరూ ఆమె ఏదో అంటుందనే చూశారు. ఆమె వచ్చి పళ్లెం పక్కన నేల మీద కూర్చుంది. మేనల్లుడి వేళ్లు ఒక్కొక్కటే అంచు మీదినుంచి విడదీసింది.

"వహినీ, మా అత్తవారింట్లో నన్నేమంటారో తెలుసా నీకు?"

"సునంద అంటారు కదా వన్సం."

"సునంద. రేషన్ కార్డులో సునంద, బ్యాంకులో సునంద. మా ఆయన పోయి నాలుగేళ్లయినా నేను సునందనే." ఆమె కళ్లు తుడుచుకుంది. కారం ఘాటో, ఏమో. "ఊరికే ఎందుకు బస్సెక్కి వస్తుందిరా ఇది అనుకుంటారు మీరంతా. ఇక్కడికొస్తే తప్ప నన్ను విజయమాల అనేవాళ్లు లేరు." గోడమీది ఫోటో వైపు చూసింది. "అమ్మకి పుట్టింట్లో ఏం పేరో నాకు తెలీదు వహినీ. నేనూ ఎప్పుడూ అడగలేదు."

మందాకిని కారం అంటని ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరి చేతులకీ గాజులు లేవు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఇద్దరూ ఒకరి ముందు ఒకరు ఎత్తలేదు.

కాసేపటికి రణజీత్ గొంతు సవరించుకున్నాడు. "మరి బొమ్మ?"

"నా బొమ్మే," అంది మందాకిని. "నా పేరు పక్కన ఇంకొకరి ముఖం ఎందుకు? కేతకీ, నత్తు తీసెయ్యి, అది నాకెప్పుడూ లేదు, ముక్కు బరువుగా ఉంటుంది. కుంకుమ మాత్రం..." ఆగి ఆలోచించింది. "మిరపకాయలతో కలిపి కాకుండా దానికో పొర విడిగా పెట్టు. అది ఎప్పుడు ఉండాలో, ఎప్పుడు అక్కర్లేదో నేను చెప్తాను."

"అలాగే ఆయీ."

"ఇంకోటి. బొమ్మ కింద మూల నీ పేరు కూడా రాయి. గీసింది ఇల్లు కాదుగా."

రణజీత్ మేనత్త ముఖం చూశాడు, తల్లి ముఖం చూశాడు. చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "హౌసా చట్నీ," అని ఒకసారి పైకి అని చూసుకున్నాడు, రుచి చూసినట్టు. "బాగానే ఉంది," అన్నాడు.

కేతకి కుర్చీ ఎక్కి, ట్యాబ్ రెండు చేతులతో పట్టుకుని, పళ్లెం మీదికి వంగి పైనుంచి ఫోటో తీసింది. నీడ పడకుండా విజయమాల కిటికీ రెక్క పూర్తిగా తెరిచి పట్టుకుంది. పదకొండు గంటల బస్సు సంగతి ఎవరికీ గుర్తులేదు. కేతకి దిగి వచ్చి, తెర మీద అక్షరాల చుట్టూ వేలితో గీస్తూ, ఎప్పటి అలవాటు కొద్దీ అడిగింది:

"ఎరుపు కాస్త పక్కకి జరపనా ఆయీ? పాత డబ్బాలోలాగ?"

హౌసా కళ్లజోడు ముక్కు మీదికి తోసుకుని తెరవైపు వంగింది.

"వద్దే," అంది. "ఈసారి నేను ఎక్కడ పెట్టానో అక్కడే ఉండనీ."